బువ్వ వద్దనేది నోరు కాదు.. చెవి!

*కుక్కర్ విజిల్, మిక్సీ మోత, గల్లీలో హారన్లు, పక్కనున్నవాళ్లు అప్పడం నమిలే చప్పుడు.. మనకు ఇవి లెక్కలో లేని శబ్దాలు. కొందరు పిల్లలకు మాత్రం వీటి వల్లే ముద్ద గొంతు దిగదు. పాతబస్తీ లాంటి చోట పెరిగే పిల్లల్లో ఈ సమస్యను 'మొండితనం' అనుకుని ఎలా వదిలేస్తున్నామో, ఇంట్లో ఏం మార్చుకోవచ్చో చూద్దాం.*

లాల్‌దర్వాజా దగ్గర ఓ గల్లీలో రెండు గదుల ఇల్లు ఊహించుకోండి. రాత్రి ఎనిమిదిన్నర. వంటగదికీ, తినే చోటుకీ మధ్య తలుపు లేదు. స్టవ్ మీద కుక్కర్ మూడో విజిల్‌కి సిద్ధంగా ఉంది. టీవీలో సీరియల్. బయట సైలెన్సర్ పీకేసిన బైక్ ఒకటి గోడలు అదిరేలా వెళ్లింది. ఐదేళ్ల బాబు ముందు స్టీలు పళ్లెంలో పప్పన్నం.

"తినురా కొడుకా.. ఇంకొక్క బుక్క" అంటోంది అమ్మ. వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. చేతులు చెవుల మీదుంటే ముద్ద ఎలా అందుకుంటాడు?

"గారాబం జేసి చెడగొట్టిన్రు. రెండు పూటలు పస్తు పెట్టున్రి, వాడే తింటడు" అని నానమ్మ తీర్పు. "ఫోన్ ఇయ్యి, చూసుకుంట తింటడు" అని బాబాయి సలహా. అందరి చూపూ చివరికి వచ్చి ఆగేది అమ్మ మీదే. పిల్లాడు సన్నగా ఉన్నాడంటే తప్పు ఆమెదే కదా మన లెక్కలో!

ఈ కుటుంబం మనం ఊహించుకున్నదే. కానీ ఈ సీన్ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మీరు చూసే ఉంటారు. ఇక్కడ ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటుంది. వాడికి నచ్చనిది పప్పన్నమా? లేక ఆ గది మోతా?

మొండితనం కాదు, అలారం

మన మెదడు రోజంతా చేసే పని ఒకటుంది. వచ్చిన ప్రతి శబ్దాన్నీ జల్లెడ పట్టి, 'ఇది అవసరం, ఇది వదిలెయ్' అని వేరుచేయడం. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు ఇప్పుడు నేను గుర్తుచేసే దాకా మీకు వినపడి ఉండదు. అది జల్లెడ పని. కొందరు పిల్లల్లో ఈ జల్లెడ కన్నాలు పెద్దవి. ఫ్యాన్, ఫ్రిజ్, గిన్నెల చప్పుడు, వీధి, టీవీ అన్నీ ఒకేసారి, ఒకే వాల్యూమ్‌లో లోపలికి వచ్చేస్తాయి.

దీన్ని నిపుణులు 'సెన్సరీ ఓవర్ రెస్పాన్సివిటీ' అంటారు. అంటే శబ్దం, స్పర్శ, వాసన లాంటివాటికి శరీరం అవసరానికి మించి స్పందించడం. ఇంద్రియాలు, మెదడు, పిల్లల ప్రవర్తన.. ఈ మూడింటి మధ్య లింకు గురించి అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఎ. జీన్ ఎయిర్స్ 1972లోనే పుస్తకం రాశారు. మామూలు శబ్దాలే భరించలేనంత పెద్దగా, నొప్పిగా అనిపిస్తే దాన్ని 'హైపరాక్యూసిస్' అంటారు.

ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వస్తే మనమూ ఉలిక్కిపడతాం. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నోరెండిపోతుంది. 'ప్రమాదం.. పారిపో' అని శరీరం సిద్ధమయ్యే పద్ధతి ఇది. ఆ టైంలో తిండి అరిగించే పనిని శరీరం పక్కన పెట్టేస్తుంది. మనకు రెండు సెకన్లలో తగ్గిపోయే ఈ దడ, ఈ పిల్లలకు ప్రతి విజిల్‌కీ, ప్రతి హారన్‌కీ మళ్లీ మొదలవుతుంది. నోట్లో తడి లేకుండా, గుండె దడగా ఉన్నప్పుడు మీకు బిర్యానీ పెట్టినా దిగుతుందా?

పిల్లాడు దీన్ని మాటల్లో చెప్పలేడు. "అమ్మా, నాకు చప్పుడు ఎక్కువై ఆకలి చచ్చిపోయింది" అనే ఐదేళ్ల పిల్లలుండరు. వాడికి తెలిసిన మాట ఒకటే.. "వద్దు".

నోట్లోనూ ఓ లౌడ్ స్పీకర్

బయటి మోత ఒక సంగతి. నమిలేటప్పుడు మన నోట్లోంచే వచ్చే చప్పుడు ఇంకో సంగతి.

మీ వాయిస్ నోట్ మీరే వింటే 'ఇది నా గొంతేనా?' అనిపిస్తుంది కదా. కారణం.. మామూలుగా మన గొంతు మనకు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. రికార్డింగులో ఆ ఎముకల దారి ఉండదు. నమిలే చప్పుడూ అంతే. సకినం కొరికితే ఆ 'కటకట' దవడ ఎముక ద్వారా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. ఎదుటివాళ్లకు వినిపించేదీ, తినేవాళ్లకు వినిపించేదీ ఒకటి కాదు.

తినేటప్పుడు చెవి ఎంత పని చేస్తుందో చెప్పే ఓ సరదా ప్రయోగం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో మాసిమిలియానో జాంపీని, చార్లెస్ స్పెన్స్ అనే పరిశోధకులు కొందరికి హెడ్‌ఫోన్లు పెట్టి ఆలూ చిప్స్ కొరకమన్నారు. కొరికిన చప్పుడునే కాస్త మార్చి వాళ్లకు వినిపించారు. చప్పుడు పెంచితే చిప్స్ 'తాజాగా, కరకరగా' ఉన్నాయన్నారు. అదే చప్పుడు తగ్గిస్తే 'మెత్తబడ్డాయి' అన్నారు. చిప్స్ మాత్రం ఒకటే! ఈ పనికి వాళ్లకు 2008లో ఇగ్ నోబెల్ వచ్చింది.

పెద్దల మీద జరిగిన ఇంకో రెండు ప్రయోగాలూ చూడండి. 2011లో ప్రచురించిన ఓ బ్రిటిష్ అధ్యయనంలో, చెవుల్లో పెద్ద హోరు వినిపిస్తుంటే తిండిలో తీపి, ఉప్పు తక్కువగా అనిపించాయి. 2015లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు విమానం లోపలి హోరు వినిపించి చూస్తే, తీపి తెలియడం తగ్గింది. అంటే మోత మన నాలుక లెక్కనే మార్చేస్తోంది. ఏ తేడా లేని పెద్దవాళ్లకే ఇలా ఉంటే, జల్లెడ వదులుగా ఉన్న పిల్లల సంగతి చెప్పాలా?

అందుకే ఇలాంటి పిల్లల మెనూ గమనిస్తే ఒక లెక్క కనిపించొచ్చు. పెరుగన్నం ఓకే, అప్పడం వద్దు. హైదరాబాదీ ఖిచిడీ ఓకే, పక్కన పెట్టిన పాపడ్ వద్దు. హలీమ్ ఓకే, మురుకులు వద్దు. అరటిపండు ఓకే, జామకాయ వద్దు. రుచి ప్రకారం చూస్తే ఈ లిస్టుకు అర్థం లేదు. చప్పుడు ప్రకారం చూడండి.. ఓకే అన్నవన్నీ నిశ్శబ్దంగా తినేవే.

పాతబస్తీ సౌండ్‌ట్రాక్

శబ్దం మీద కంప్లైంట్ అంటే పాతబస్తీ మీద కంప్లైంట్ అనుకోకండి. ఈ ఊరికి చప్పుడే ఊపిరి. లాడ్‌బజార్‌లో గాజుల గలగల. కుప్పలు పోసి అమ్మేవాళ్ల అరుపులు. చార్మినార్ చుట్టుపక్కల వరఖ్ తయారుచేసేవాళ్ల సుత్తి దెబ్బలు.. మిఠాయి మీద, పాన్ మీద మెరిసే ఆ వెండి రేకు గంటల తరబడి కొడితే గానీ అంత పల్చబడదు. రంజాన్ నెలలో సహరీ వేళ నుంచి అర్ధరాత్రి బజార్ దాకా ఒకటే సందడి. ఆషాఢం వస్తే లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలు, పోతురాజుల ఆట, తీన్మార్ దరువు. తర్వాత వినాయక నిమజ్జనం. ఇవేవీ వద్దనే హైదరాబాదీ ఉండడు.

చిక్కు ఎక్కడంటే.. ఇళ్లు ఇరుకు, గల్లీలు ఇంకా ఇరుకు. అటు గోడకు తగిలిన మోత ఇటు గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఇంట్లోనూ అంతే. పైన స్లాబు, కింద టైల్స్, మధ్యలో స్టీలు సామాన్లు. చప్పుడును పీల్చుకునే మెత్తటి వస్తువు ఒక్కటీ ఉండదు. స్కూల్లో లంచ్ బెల్ కొట్టాక డైనింగ్ హాల్ సంగతి సరేసరి. వంద స్టీలు డబ్బాల మూతలు ఒకేసారి తెరుచుకుంటాయి. పొద్దున పెట్టిన డబ్బా సాయంత్రం అలాగే తిరిగొస్తోందంటే, కూర బాగాలేకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు.

చట్టం ఏం చెబుతోంది? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వ్యాపార ప్రాంతాల్లో పగలు 65, రాత్రి 55. ఆస్పత్రులు, స్కూళ్ల లాంటి నిశ్శబ్ద ప్రాంతాల్లో 50, 40. ఇక్కడ రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఈ డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది. కింద షాపు, పైన ఇల్లు ఉండే మన దగ్గర నివాసం ఎక్కడ ఆగి వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో ఎవరు చెప్పాలి? 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, బాణసంచాను నిషేధించడానికి వెనక ఉన్నదీ ఈ మోత గొడవే.

పేచీకి, సమస్యకు తేడా ఏంటి?

ఆగండి. తిననన్న ప్రతి పిల్లాడికీ ఈ సమస్య అంటగట్టొద్దు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త కూర చూస్తే మొహం తిప్పుకోవడం చాలామంది పిల్లల్లో మామూలే. వయసుతో పాటు అది తగ్గుతుంది. శబ్దమే కారణమా అనేది తెలియాలంటే ఓ వారం గమనించండి.

* ఒకే వంటకం ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు తిని, సందడి ఉన్నప్పుడు వద్దంటున్నాడా?
* మిక్సీ, కుక్కర్, టాయిలెట్ ఫ్లష్, హ్యాండ్ డ్రయర్ చప్పుళ్లకు చెవులు మూసుకోవడం, ఏడవడం, పారిపోవడం ఉందా?
* పెళ్లి భోజనాల్లో, హోటళ్లలో అసలేమీ ముట్టకుండా, ఇంటికొచ్చాక ఆకలని ఏడుస్తున్నాడా?
* కరకరలాడేవన్నీ వదిలేసి మెత్తటివే ఏరుకుంటున్నాడా?

వీటిలో రెండు మూడింటికి 'అవును' అంటే చెవిని అనుమానించాల్సిందే. అయితే అన్నిటికన్నా ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నా, గుమిలి అడ్డుపడినా పిల్లలు చెవులు పట్టుకుంటారు, నమలడానికి ఏడుస్తారు. అది మందులతో పోయే సమస్య. పుప్పిపళ్లు కూడా ఓసారి చూడాలి.

ఇక కొన్ని లక్షణాలుంటే ఆలస్యం చేయొద్దు. బరువు పెరగకపోవడం, తగ్గడం. తినే రకాలు నెలనెలా తగ్గిపోతూ పది పదిహేనుకు చేరడం. ప్రతిసారీ పొలమారడం, వాంతి చేసుకోవడం. పాలు, జ్యూసుల మీదే బతకడం. మాటలు ఆలస్యం కావడం, పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం.

2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక వైద్యులు ప్రామాణికంగా వాడే పుస్తకం ఇది) ఈ విషయంలో రెండు మార్పులు జరిగాయి. ఒకటి, ఇంద్రియాల అతి స్పందనను ఆటిజం లక్షణాల్లో చేర్చారు. రెండు, 'ఆర్ఫిడ్' అనే తిండి సమస్యకు చోటిచ్చారు. బరువు తగ్గాలనే కోరికతో సంబంధం లేకుండా.. తిండి మీద ఆసక్తి లేకో, దాని రంగు, వాసన, స్పర్శ లాంటివి భరించలేకో, పొలమారుతుందనే భయంతోనో తిండి తగ్గించేసి, దానివల్ల ఆరోగ్యం దెబ్బతినడమే ఆర్ఫిడ్. పాత అధ్యయనాలను కలిపి 2013లో ప్రచురించిన ఓ విశ్లేషణలో, ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యల అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే ఐదు రెట్లని తేలింది. అలాగని శబ్దం పడని ప్రతి పిల్లాడికీ ఆటిజం ఉన్నట్టు కాదు. గూగుల్ చేసి మీరే ముద్ర వేసేయొద్దు. పరీక్ష చేసి చెప్పాల్సింది డాక్టరే.

ఇంట్లో ఏం చేయొచ్చు?

ఖర్చు పెద్దగా లేని మార్పులే ఎక్కువ.

వంట టైం వేరు, తినే టైం వేరు: కుక్కర్, మిక్సీ పని పిల్లాడు కూర్చోకముందే ముగించండి. గిన్నెలు తోమే పని వాడు లేచాకే.

దస్తర్‌ఖాన్ పరవండి: పాతబస్తీ ఇళ్లలో నేల మీద బట్ట పరిచి దాని మీద అన్నం పెట్టుకునే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. మందపాటి బట్ట గిన్నె చప్పుడును మింగేస్తుంది. స్టీలు పళ్లెం బదులు విస్తరాకు పెట్టినా మోత లేదు. చెంచాతో పళ్లెం గీకే చప్పుడు పడకపోతే చేత్తోనే తిననివ్వండి.

చప్పుడుకు ముందే చెప్పండి: "ఇప్పుడు మిక్సీ వేస్తున్నా, పది లెక్కపెట్టేలోపు ఆగిపోతుంది" అని చెప్పి వేయండి. కుదిరితే స్విచ్ వాడితోనే నొక్కించండి. ఎప్పుడొస్తుందో తెలియని చప్పుడుకే భయం ఎక్కువ.

ఫోన్ ఇవ్వొద్దు: రీల్స్ పెడితే నాలుగు ముద్దలు వెళ్లొచ్చు. కానీ మోత తగ్గించాల్సిన చోట ఇంకో మోత తెచ్చిపెట్టినట్టే. పైగా ఎంత తిన్నాడో, కడుపు నిండిందో వాడికే తెలియదు.

బలవంతం వద్దు: ఎలెన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన సూత్రం ప్రపంచమంతా వాడుతున్నారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల నిర్ణయం. ముక్కు మూసి ముద్ద తోస్తే, చప్పుడు భయానికి చేతి భయం తోడవుతుంది. అయితే పైన చెప్పిన ప్రమాద లక్షణాలుంటే సూత్రాలు పట్టుకు కూర్చోకుండా డాక్టర్‌ను కలవండి.

కరకరలు మెల్లగా: పాలలో నానిన ఉస్మానియా బిస్కెట్‌తో మొదలుపెట్టండి. తర్వాత సగం నానినది. ఆ తర్వాత పొడిది. అప్పడాన్ని నలిపి అన్నంలో కలపండి. ఒక కొత్త పదార్థాన్ని ఒప్పుకోవడానికి పిల్లలకు పది పదిహేను సార్లు పరిచయం అవసరం కావొచ్చు. మూడోసారికే 'వీడికిది పడదు' అని రాసేయొద్దు.

పండగకు ఇయర్ మఫ్స్: ఊరేగింపు రోజున చెవులు కప్పే ఇయర్ మఫ్స్ పెట్టండి. జనం రాకముందే వేరే గదిలో అన్నం పెట్టేయండి. అలాగని రోజంతా మఫ్స్ పెట్టి ఉంచొద్దు. పూర్తి నిశ్శబ్దానికి అలవాటైతే చిన్న చప్పుడు కూడా ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది.

మీకే ఈ సమస్య ఉందా?

ఇది చదువుతున్నవాళ్లలో కొందరు మనసులో అనుకునే ఉంటారు. "నాకూ అంతే.. నాన్న చాయ్ జుర్రితే లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది" అని. నమలడం, జుర్రడం, ముక్కు చీదడం లాంటి కొన్ని శబ్దాలకే పట్టరాని కోపం, చిరాకు రావడాన్ని 'మిసోఫోనియా' అంటారు. మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ అనే పరిశోధకులు 2001లో ఈ పేరు పెట్టారు. నిపుణులంతా కలిసి ఒక నిర్వచనానికి వచ్చింది మాత్రం 2022లోనే. బాల్యం చివర్లోనో, టీనేజ్‌లోనో ఎక్కువగా బయటపడుతుంది. ఇంట్లో అందరితో కూర్చుని తినకుండా పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లిపోయే పిల్లల్ని 'పొగరు' అనే ముందు ఇదొకసారి ఆలోచించాలి. ఫ్యాన్ స్పీడ్ పెంచడం, మెల్లగా పాటలు పెట్టుకోవడం లాంటి చిన్న ఏర్పాట్లు కొందరికి సాయపడతాయి. బతుకునే ఇబ్బంది పెడుతుంటే సైకాలజిస్ట్‌ను కలవొచ్చు.

ఎక్కడికెళ్లాలి?

పాతబస్తీ వాళ్లకు దగ్గరలోనే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. చెవి పరీక్ష అక్కడ మొదలుపెట్టొచ్చు. బరువు, ఎదుగుదల సమస్యలకు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ పిల్లల ఆస్పత్రి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ 'నీపిడ్'లో చిన్నపిల్లల కోసం 2021లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ప్రారంభమైంది. మాట, వినికిడి సమస్యలకు అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్‌నగర్‌లోనే ఉంది. ఆ అలీ యావర్ జంగ్ మన హైదరాబాదీయే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లల్ని పరీక్షించే మొబైల్ టీములకు కూడా ఈ విషయం చెప్పొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఓ పని చేయండి. వారం రోజులు ఏం తిన్నాడు, ఎప్పుడు వద్దన్నాడు, ఆ టైంలో చుట్టూ ఏ చప్పుడుంది అని ఫోన్‌లో నోట్ చేసుకుని తీసుకెళ్లండి. "ఏమీ తింటలేడు సార్" అనే మాట కన్నా అది వందరెట్లు పనికొస్తుంది.

మళ్లీ ఆ లాల్‌దర్వాజా ఇంటికే వెళ్దాం. రేపు రాత్రి కుక్కర్ ఏడున్నరకే దిగిపోయింది అనుకోండి. టీవీ ఆపేశారు. కింద దుప్పటి మడత, దాని మీద విస్తరాకు. వాడు ఒక్క రోజులో మారిపోడు. నాలుగు ముద్దలు తినేవాడు ఆరు తింటాడేమో. చేతులు చెవుల మీదుంచి కిందికి దిగితే చాలు, అమ్మకు అదే పెద్ద విజయం. ఆ రోజు ఆమెను ఎవరూ ఏమీ అనకపోతే ఇంకా మంచిది.

గల్లీలో బైక్ మోత మాత్రం ఆమె చేతిలో లేదు. ఆ సైలెన్సర్ ఎవరిదో, వచ్చే ఆషాఢంలో ఆ స్పీకర్ల వాల్యూమ్ ఎవరి చేతిలో ఉంటుందో మీకే బాగా తెలుసు. ఈసారి ఇళ్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు ఒక పాయింట్ తగ్గించండి భయ్యా. లోపల ఎవరో అన్నం తింటుంటారు.